నాలుగో వరుస పురుగులు

ఐదు వరుసల్లో పురుగులు చచ్చాయి. నాలుగో వరుసలో ఒక్కటి కూడా చావలేదు. ఆ నాలుగో వరుసకు మేత వేసే మునియప్ప నిన్న సాయంత్రం నుంచి తిరుత్తణి దగ్గర ఒక స్టేషన్లో లాకప్పులో ఉన్నాడు. కేసంతా ఇంతే. అన్నిటికీ మందు కొట్టి తన వరుసను మాత్రం వదిలేసుకున్నాడని పోలీసులు రాసుకున్నారు, ఊళ్ళో చాలామంది నమ్మారు. ఇంత సులువుగా కుదిరిన కేసంటే జ్యోతికకు మొదట్నుంచీ గిట్టదు. పెళ్ళిసంబంధాల్లో కూడా అన్నీ కుదిరిన జాతకాన్నే ఆమె ముందు అనుమానిస్తుంది.

ఆ పెళ్ళిసంబంధాలే ఆమెకు అన్నం పెడుతున్నాయి. ఆవడిలో ఆమెది ఒక గది డిటెక్టివ్ ఆఫీసు. పదిలో ఎనిమిది కేసులు వరుడు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం ఉందా అనేవే. మునియప్ప భార్య కుప్పమ్మ చెల్లెలి కూతురికి వచ్చిన పెళ్ళికొడుక్కి అంతకుముందే ఒక పెళ్ళయిందని బయటపెట్టింది ఆమే. ఆ నమ్మకంతో కుప్పమ్మ ఈ శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేసింది. "మా ఇంటాయన పురుక్కి కూడా కీడు చెయ్యడు మా" అని ఏడ్చింది. ఈ కేసులో ఆ మాట సాక్ష్యంగా చెల్లితే ఎంత బాగుండునో అనుకుంది జ్యోతిక.

సాయంత్రం నాలుగింటికి మునియప్పను మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆలోగా ఏదీ తేలకపోతే పదిహేను రోజులు రిమాండు. బెయిలుకు పరిగెత్తడానికి ఆ ఇంట్లో కుప్పమ్మ తప్ప ఎవరూ లేరు.

పది గంటల ఐదు నిమిషాలకు జ్యోతిక పురుగుల షెడ్డులో ఉంది.

యజమాని జగన్నాథన్ తిరువళ్ళూరులో ముప్పై ఏళ్ళుగా బియ్యం మండీ నడిపినవాడు. మూడేళ్ళ కింద ఎవరో చెప్పగా ఈ పిండిపురుగుల పెంపకంలోకి దిగాడు. వేలి కణుపంత పొడుగున గోధుమరంగులో ఉండే పురుగులివి. ఎండబెట్టి చేపలకూ కోళ్ళకూ దాణాగా అమ్ముతారు. షెడ్డులో ఆరు వరుసలు, వరుసకు నలభై ట్రేలు. వచ్చినావిడ చూసుకుంటే చూసుకోనీ అని జగన్నాథన్ గేటు తీయించాడు. ఆయన పక్కన ఇస్త్రీ నలగని చొక్కాతో ముకేశ్ నిలబడి ఉన్నాడు. చెన్నైలో ఒకప్పుడు జ్యోతిక పనిచేసిన ఏజెన్సీలోనే పనిచేశాడు. ఆమె రాసిన రిపోర్టు కింద తన సంతకం పెట్టుకుని మేనేజరైన మనిషి. ఈ కేసు చూడమని జగన్నాథన్ అతన్ని నిన్న మధ్యాహ్నం పిలిపించుకున్నాడు.

"మేత ఏమి పెడతారయ్యా?" అడిగింది జ్యోతిక.

"గోధుమ తవుడు. తడి కోసరం పైన గుమ్మడికాయ ముక్కలు. అంతే."

"తినగా మిగిలింది పారబోస్తారా?"

జగన్నాథన్ ముఖం విప్పారింది. లక్షల పురుగులు పోయిన మనిషి ముఖంలో అంత వెలుగు ఆమె ఎదురుచూడలేదు.

"పారబోస్తే ఎట్లమ్మా గిట్టుబాటయ్యేది? జల్లెడ పట్టి పురుగుల్ని తీసేసినాక మిగిలిన పాత మేతను మళ్ళీ కలపతాము. వరుసకు దినానికి మూడు తట్టలు కొత్త తవుడు, ఒక తట్ట పాతది. మేత ఖర్చు నాలుగో వంతు పడిపోయినాది. ఆ లెక్క నేను కట్టిందే."

"సగానికి సగం కలపకూడదా?"

"పురుగు ఎదగదు. ఆ లెక్క దాటినోడు మరుదినం పనికి రానక్కర్లేదని అందరికీ చెప్పిండాను."

ముకేశ్ గడియారం చూసుకుంటూ ముందుకొచ్చాడు. "టైమింగ్స్ చెప్తా రాసుకో జ్యోతికా. బుధవారం పొద్దున ఆరింటికి మేత వేసినారు. సాయంత్రం ఐదున్నరకు అందరూ ఇండ్లకు పోయినారు. మీవాడు మాత్రం ఆరూ నలభై దాకా ఒంటిగా లోపలున్నాడు. తాళం వేసింది వాడే. గురువారం ఆరూ పదికి తలుపు తీస్తే ఐదు వరుసలు క్లోజ్. షెడ్డు వెనక స్ప్రేయర్ దొరికింది. దాని మీద వాడి వేలిముద్రలు."

"నేల తడిపేది ఆ స్ప్రేయర్తోనే గదా? వేలిముద్రలు లేకపోతేనే ఆశ్చర్యపడాల."

"ఆ గంటా పది నిమిషాలు ఏం చేసినావంటే నోరు తెరవడం లేదు. దానికేమంటావు?"

ఆ సంగతి పొద్దున ఫోన్లో అడిగితే కుప్పమ్మ కూడా మాట మార్చింది.

రెండో వరుసలో ఒక ట్రే కిందికి దించుకుంది. పైన గుమ్మడి ముక్కలు కొరికి గుల్ల చేసి ఉన్నాయి. వాటి మీద ఒక్క చచ్చిన పురుగు లేదు. తవుడులో వేలు పెట్టి కెలికితే అడుగున గుట్టలుగా తేలాయి. ఇంకో ట్రే, ఇంకో వరుస. అన్ని చోట్లా అదే తీరు. పైనుంచి మందు కొట్టి ఉంటే ముందు తడిసేది గుమ్మడి ముక్కలే. వాటిని తిన్నవి అక్కడే పడి చావాలి.

తర్వాత నాలుగో వరుస. పురుగులు లుకలుకలాడుతున్నాయి. పిడికెడు మేత తీసి అరచేతిలో పోసుకుంది. మిగతా వరుసల్లో తవుడు పొరలు పొరలుగా, లేత రంగులో ఉంది. ఇది ఇసకలాగా సన్నగా, బూడిద రంగులో ఉంది. ఆమె ఆ పిడికెడూ ఒక కాగితంలో పొట్లం కట్టుకుంది.

"మూడు గాజు గ్లాసులు ఇప్పిస్తారా అయ్యా?"

"టీ కావాలంటే చెప్పరాదామ్మా..."

"టీకి కాదు."

మొదటి గ్లాసులో చచ్చిన ట్రే పైనున్న గుమ్మడి ముక్క వేసింది. రెండో దాంట్లో అదే ట్రే అడుగు తవుడు. మూడో దాంట్లో నాలుగో వరుస మేత. ఒక్కోదానిలో ఇరవై బతికిన పురుగులను వదిలి కిటికీ గట్టు మీద వరుసగా పెట్టింది. అప్పుడు టైము పదీ ఇరవై ఐదు. ముకేశ్ నవ్వాడు. స్కూలు పిల్లల సైన్స్ ఎగ్జిబిషన్ అన్నాడు. తప్పేముంది, స్కూల్లో మనసు పెట్టి చదువుకున్నవాళ్ళకు అది పనికొస్తుంది అంది జ్యోతిక.

గ్లాసులను వాటి పాటికి వదిలి ఆమె గోదాము చూసింది. నేల కడిగినంత శుభ్రంగా ఉంది. మూలన ఎనిమిది కొత్త మూటలు.

"ఇవెప్పుడొచ్చినాయి?"

"నిన్న."

"అంతకుముందువి?"

"సోమవారం లోడు వచ్చినాది. బుధవారం పొద్దున విప్పినాము."

"ఆ మూటలు ఏమైనాయి?"

"అయిపోయినాయి."

"ఒక్కరోజులోనా?" ఆమె వెనక తలుపు తోసింది. గుంతలో నల్లటి బూడిద, కాలీకాలని గోనెపీలికలు. "ఇదేందయ్యా?"

జగన్నాథన్ ముకేశ్ వైపు చూశాడు. "పురుగు పట్టినాయి. అందుకని నిన్న కాల్చేసినాము."

జ్యోతికకు నవ్వాగలేదు. "పురుగుల్ని పెంచే చోట పురుగు పట్టిందని తవుడు కాల్చినారా?"

"అది వేరే పురుగమ్మా. ముక్కు పురుగు. మేతంతా అదే తినేస్తాది."

"అంతేలే అయ్యా, మీకు తెలిసినంత మాకేం తెలస్తాది" అని ఆమె ఒక మూట మీద కూర్చుంది. పెళ్ళిళ్ళ విచారణలో ఆమె నేర్చుకున్నది ఒకటే. మనిషిని తప్పు గురించి అడిగితే తలుపు మూసుకుంటాడు, పనితనం గురించి అడిగితే ఇల్లంతా చూపిస్తాడు. "ముప్పై ఏండ్లు మండీ నడిపినారు. బియ్యానికి ముక్కు పురుగు పట్టకుండా ఎట్ల కాపాడినారయ్యా? మా ఇంట్లో పది కిలోలు కూడా నిలవదు."

"దానికేముందమ్మా? మూటల వరసకీ వరసకీ మధ్యన మరుందు పొడి, అదే పురుగుల మందు, చల్లాల. పురుగు లోపలికి దిగినాదనుకో, మూతి విప్పి పిడికెడు పొడి కలిపి మళ్ళీ కుట్టేయాల. అరిసెలకు పాకం మాదిరి, అన్నిటికీ ఒక పదును ఉండాది. నా మండీలో మూట ఒక్కటి కూడా పురుగు పట్టి వెనక్కి రాలేదు, తిరువళ్ళూరులో ఎవర్నైనా అడుగు!"

"సోమవారం వచ్చిన తవుడుకు కూడా పురుగు దిగింది గదా?"

"దిగి..." అని ఆగిపోయాడు. చెయ్యి ఎందుకో చొక్కా జేబు మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఆమె చాలా చూసింది. ఈ షెడ్డులో గుమ్మడికాయలకు కూడా కొదవ లేదు.

"సార్, మీరేమీ చెప్పొద్దు" అన్నాడు ముకేశ్. "అమ్మా జ్యోతికా, చాలు. బయటికి పద."

చింత చచ్చినా పులుపు చావలేదు. పురుగుల వ్యాపారంలోకి దిగినా ఆయనలోని బియ్యం వ్యాపారి పోలేదు. సోమవారం సాయంత్రం తవుడులో ముక్కు పురుగును చూడగానే చెయ్యి దానంతట అదే పొడి డబ్బా మీదికి వెళ్ళింది. తాను పెంచేది కూడా పురుగునే అన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు. గురువారం పొద్దున తట్టింది. అప్పుడు పనివాళ్ళ ముందు నవ్వులపాలు కావడం కన్నా ఒక పనివాణ్ణి జైలుకు పంపడం తేలికనిపించింది. జ్యోతికకు ఆ మనిషి మీద కోపం కూడా రాలేదు. అసహ్యం మాత్రం వేసింది.

పన్నెండూ పదికి కిటికీ దగ్గరికి వచ్చారు. మొదటి గ్లాసులో పురుగులు గుమ్మడి ముక్కను తింటున్నాయి. మూడో గ్లాసులో హాయిగా తిరుగుతున్నాయి. రెండో గ్లాసులో ఇరవైకి ఇరవై బోర్లా వెల్లకిలా పడి ఉన్నాయి.

"మందు పైనుంచి రాలేదు" అంది జ్యోతిక. "తవుడుతో వచ్చింది. అడుగున చచ్చినాయి కాబట్టే బుధవారమంతా ఎవరికీ కనబడలేదు. స్ప్రేయర్ కథ ఇంతటితో సరి. కాల్చిన మూటల సంగతి నీకు నిన్ననే తెలుసును, అవునా?"

ముకేశ్ ఆ ప్రశ్నను దులిపేసుకున్నాడు. గ్లాసు ఎత్తి చూసి మెల్లగా దించాడు.

"సరే. తవుడుతోనే వచ్చిందనుకుందాం. బుధవారం ఆ తవుడు ఆరు వరుసలకీ పోయింది. ఒకే మూట, ఒకే తట్ట. నాలుగో వరుసకు మూడు తట్టలు వేసినట్టు మీ మునియప్పే పుస్తకంలో వేలిముద్ర వేసినాడు. మరి ఆ వరుస ఎందుకు చావలేదు? తవుడులో మందు ఉందని వాడికి తెలుసు కాబట్టే వెయ్యలేదు. తెలుసంటే, కలిపింది వాడే." అతను చొక్కా సర్దుకున్నాడు. "నువ్వు ఇంత కష్టపడి నా కేసునే గట్టి చేసినావు. థ్యాంక్స్. దీని కింద కూడా నేనే సంతకం పెట్టుకుంటా."

ఆ మాట సూదిలా దిగింది. దిగినందుకు కాదు, నిజమైనందుకు ఆమెకు మండింది. నాలుగో వరుస ఎందుకు బతికిందో చెప్పనిదే మిగతా ఐదు వరుసలు ఎందుకు చచ్చాయో చెప్పి ప్రయోజనం లేదు. అది చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ నిన్నటి నుంచి మూగనోము పట్టాడు.

స్టేషన్ చేరేసరికి రెండుంబావు. ఎస్.ఐ. ఎల్లప్ప భోజనం చేసి పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. మూడుంబావుకు బండి బయల్దేరుతుందని, తొందరగా ముగించాలని చెప్పి తనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మునియప్పకు యాభై ఐదు దాటి ఉంటాయి. ఊచల వెనక కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. జ్యోతిక మందు మాట ఎత్తలేదు. పొట్లం విప్పి ఆయన ముందు పెట్టింది.

"ఇది నీ వరుస మేత గదన్నా?"

ఆయన చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

"ఇందులో కొత్త తవుడు పొర ఒక్కటి కూడా లేదు. అంతా పాత మేతే, రెండుసార్లో మూడుసార్లో జల్లెడ పట్టింది. నీ పురుగులు కొత్త తవుడు తినలేదు. మరి నీ వరుసకు రావాల్సిన మూడు తట్టలూ యాడికి పోయినాయి?"

మునియప్ప ఎల్లప్ప వైపు చూశాడు. ఎల్లప్ప పుల్ల పారేశాడు.

"ఇంట్లో పాడి ఉండాదా అన్నా?"

మునియప్ప భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

"మందు పెట్టినావని అన్నారు. అది అబద్ధమని నాకు తెలుసును, పైనున్న సామికి తెలుసును. అందుకని ఎంత కొట్టినా భయం లేకపోయె. తవుడు ఎత్తుకొని పోయినావంటే ఏమి చెప్పేది మా? అది నిజమాయె గదా. ఊర్లో నన్ను ఎవురూ దొంగ అనింది లేదు. మా నాయన్ని అనింది లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఆవు చూలు కట్టినప్పట్నుంచి. దినానికి ఒక తట్ట తీసి దాచిపెడతా ఉంటి. దానికి బదులు పాత మేత వేస్తా ఉంటి. పురుగులు చస్తాయేమోనని మొదట భయపడినా. ఏమీ కాలేదు. పాత మేతనే మళ్ళీ మళ్ళీ తిని బాగానే పెరిగినాయి. అయ్యగారి లెక్క తప్పు మా. సగానికి సగం పాతది వేసినా అవి తింటాయి. ఆయనకు చెబితే మేలే. చెబితే నా దొంగతనం బయటపడిపాయె గదా!"

ఎల్లప్ప మొదటిసారి నవ్వాడు. జ్యోతిక నవ్వలేదు. "బుధవారం?"

"బుధవారం మూడు తట్టలూ తీసేసినా. సాయంత్రం అందరూ పోయేదాకా ఉండి, మూటగట్టి, గడ్డిమోపు కింద పెట్టుకొని పోయినా. ఆ గంట ఏమి చేసినావు, ఏమి చేసినావు అని అడిగితే ఇదే మా నేను చేసింది."

ఒక్క దెబ్బకు అన్నీ కుదిరాయి. ఐదున్నర నుంచి ఆరూ నలభై. ఒక్కటీ చావని వరుస. నోరు మెదపని మనిషి. బియ్యం వ్యాపారి పొడి కలిపిన తవుడు ఐదు వరుసలకు పోయింది, ఆరో వాటా దొంగతనమై గేటు దాటింది. ఆ దొంగతనమే పురుగుల్ని కాపాడింది, దొంగను కూడా కాపాడబోతోంది. జ్యోతిక గోదాము సంగతీ, గుంతలో బూడిద సంగతీ, మూడు గ్లాసుల సంగతీ టైములతో సహా చెప్పింది. ఎల్లప్ప మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. చివర రైటరును పిలిచి ఆ జగన్నాథన్ని వెంటనే పిలిపించమన్నాడు. కోర్టు బండి ప్రస్తుతానికి నిలపమన్నాడు. పక్కనే ముకేశ్ కూడా ఉంటే వదలొద్దన్నాడు.

రెండూ నలభై ఐదు. ఇంకా టైముంది. ఆమెకు గర్వంగానే ఉంది, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

మునియప్ప ఊచలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ముఖం తేటపడింది. "తవుడు వాపస్ ఇచ్చేస్తా సార్. ఇంకా సగం మూటకు పైనే ఉంటాది. ఆవు మంగళవారమే ఈనినాది, పచ్చి ఒళ్ళు. దానికి తవుడు కుడితి పెట్టకపోతే పాలు దిగవు. అందుకనే ఆ పొద్దు మూడు తట్టలకూ ఆశపడినా."

రైటరు రాసుకుంటున్నాడు. మంగళవారం ఈనినది, బుధవారం మూడు తట్టలు. జ్యోతిక ఆ రెండు ముక్కలూ కాగితం మీద తలకిందులుగా చదివింది. ఇంకోసారి చదివింది. పొద్దుటి నుంచి ఆమె ఆ తవుడు ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతికింది. ఎక్కడికి చేరిందని ఒక్కసారి కూడా అడగలేదు.

కుప్పమ్మ మూడో రింగుకు ఎత్తింది.

"అక్కా, అన్న తెచ్చిన తవుడు ఆవుకు పెట్టినావా?"

"తవుడా? ఏం తవుడు మా? మా ఇంట్లో..."

"దాచొద్దక్కా. అన్న అంతా చెప్పేసినాడు. విడిచిపెట్టేస్తారు. పెట్టినావా?"

అవతల పెద్ద నిట్టూర్పు. "విడిచిపెట్టేస్తారా? నా తల్లే! పెట్టినా మా, బుధవారం సాయంత్రం నుంచి రెండు పూట్లా కుడితిలో కలిపి పెట్టినా. ఏమో ఈ పొద్దు ఎండెక్కినాక పడుకొనింది లేవలేదు. నోట్లో నురగ. ఒళ్ళంతా అదరతా ఉండాది. ఈనిన అలుపేమో అనుకొంటి."

"పాలు పిండినావా?"

"పిండకుండా ఎట్ల మా? జున్నుపాలు. పొద్దున బెల్లం ఏలక్కాయ వేసి జున్ను కాచినా. నిన్న ఆయన కోసరం స్టేషన్ కాడికి వచ్చి నిలబడినారు గదా, వాళ్ళ ఇండ్లకంతా తలా గిన్నె పంపినా. మేము ఇయ్యగలిగింది ఇంకేముండాది? పదకొండు ఇండ్లు."

"నువ్వు తిన్నావా?"

"ఆయన రాకముందే నేనెట్ల తింటా?" కుప్పమ్మ నవ్వింది. ఆ వెనకే ఎవరో ఆడమనిషి కేక వినిపించింది. "ఉండు మా, ఎదురింటి పాపకు వాంతులంట, పిలస్తా ఉండారు. చూసొస్తా." ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. తర్వాత కేకలు రెండయ్యాయి.

జ్యోతిక ఎల్లప్పకు నాలుగు మాటల్లో చెప్పింది. ఆయన అప్పటికే లేచి అంబులెన్సుకు ఫోను కలుపుతున్నాడు. ఒకటి చాలదు, ఎన్ని ఉంటే అన్ని పంపించండి అని అరుస్తున్నాడు. అటువైపు వాళ్ళు ఇంటి నంబర్లూ పేర్లూ అడుగుతున్నారు.

మునియప్ప అంతా విన్నాడు. మందు పెట్టినవాడివి నువ్వే అని రెండు రోజులుగా అందరూ అంటే తల ఊపనివాడు, ఇప్పుడు ఎవరూ ఏమీ అనకుండానే ఊచలు వదిలేసి నేల మీద కూలబడ్డాడు.

"అన్నా, ఏడుపు తర్వాత" అంది జ్యోతిక. తన గొంతు తనకే కటువుగా వినిపించింది. రైటరు చేతిలోంచి పెన్ను లాక్కుంది. "నిన్న నీకోసం ఎవరెవరు వచ్చినారు? ఒక్కొక్కరి పేరూ చెప్పు. ఇల్లు ఆనవాలు చెప్పు."

మునియప్ప కళ్ళు మూసుకుని, వీధి మొదటి నుంచి తన మేలు కోరినవాళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.